క్రాన్‌స్టన్‌ల పేరు మూడోసారి

హారోబర్న్‌లో ఏటా జూన్ రెండో శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి బజారు స్తంభం దగ్గర ఊరి గుమాస్తా పేర్లు పిలవడం ఆచారం. పిలిచిన ఇంటివాళ్ళు "ఇంకా ఉన్నాం!" అని అరవాలి. అంతే సంగతి. ఆ తరవాత గుర్రాలు పొలిమేర రాళ్ళు చూడ్డానికి బయల్దేరతాయి, సారాకొట్ల తలుపులు తెరుచుకుంటాయి, ఊరికి కాస్త ప్రాణం వస్తుంది. జనం వచ్చేది గుర్రాల కోసమే. పేర్ల పిలుపుని మాత్రం చర్చిలో ప్రసంగంలాగా ఓపిక పట్టి భరిస్తారు.

ఈ ఓపికకి ఏడు వందల ఏళ్ళు. ఎవరో రాజు వాగుకీ కొండకీ మధ్య అరవై నాలుగు ఇళ్ళ స్థలాలు కొలిపించి, దక్షిణం నుంచి ఇంగ్లీషు వాళ్ళు వస్తే అడ్డం నిలబడండని పంచిపెట్టాడు. స్థలం ఆయనది, చావు మనది. ఏడాదికోసారి బల్లెం పట్టుకుని స్తంభం దగ్గరికి వచ్చి ఉన్నామని చెప్పాలి. వరసగా మూడేళ్ళు జవాబు రాకపోతే ఆ ఇంటి హక్కు పోతుంది. ఫ్లాడన్ యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. మరుసటి జూన్‌లో గుమాస్తా పేర్లు పిలిస్తే పదకొండు మగ గొంతులే పలికాయి. మిగతా జవాబులు కిటికీల్లోంచి ఆడగొంతులతో వచ్చాయి. ఆ గుమాస్తా ఎవడో గాని మనసున్నవాడు, కాదనలేదు. మొగుడి పేరుకి పెళ్ళాం పలకొచ్చు, తండ్రి పేరుకి పెళ్ళికాని కూతురు పలకొచ్చు అని రాసుకున్నాడు. పెళ్ళయ్యాక మాత్రం పుట్టింటి పేరు ఎత్తకూడదు. మనిషికి ఒక్క పేరే. పలికే మనిషి ఆ పొద్దున్న పొలిమేర లోపల ఉండాలి. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే నియమం.

ఆ తరవాత ఇంగ్లీషు సైన్యం ఊరిని రెండుసార్లు తగలబెట్టింది. ప్లేగు ఒక్క ఎండాకాలంలో పద్నాలుగు పేర్లు తుడిచేసింది. ఉన్ని మిల్లులు వచ్చి బోలెడు కొత్త జనాన్ని తెచ్చాయి గాని పోయిన పేర్లని తేలేకపోయాయి. కొందరు కెనడా ఓడలెక్కారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే పొద్దున్న నాలుగిళ్ళ కొడుకులు పోయారు. చివరికి మిల్లులు కూడా మూతబడి, మిగిలిన కుర్రకారు ఎడిన్‌బరో బస్సెక్కారు. అరవై నాలుగు పేర్లు తొమ్మిదికి వచ్చాయి. మూడో ఏడు కూడా పలకని పేరుకి డోలు మీద ఒక్క దెబ్బ కొడతారు. ఆ పేరు ఇంక ఎప్పటికీ పిలవరు.

మిగిలిన తొమ్మిదిలో వీచ్‌ల పేరుకి పలికేది గ్రిజెల్ వీచ్. వయసు డెబ్బై ఒకటి. పెళ్ళి కాలేదు. మిల్లులో నేసిన గుడ్డని వెలుతురుకి ఎదురుగా పరిచి, వేళ్ళతో తడిమి, తెగిన పోగులు వెతికి సూదితో కలిపే పని చేసేది. ఇప్పటికీ ఎవరి కోటు చూసినా ముందు పడుగూ పేకా చూసి తరవాత మొహం చూస్తుంది. తండ్రి నినియన్ పోయిన దగ్గర్నుంచి నలభై రెండేళ్ళుగా స్తంభం దగ్గర తనే పలుకుతోంది. ఇంట్లో తనకి తోడు పిల్లి కూడా లేదు.

పక్కిల్లు క్రాన్‌స్టన్‌లది. రెండిళ్ళకీ నడిమి గోడ ఒక్కటే. ఆ గోడ అవతల డాండ్ క్రాన్‌స్టన్, అతని భార్య మోరగ్ ఉన్నన్నాళ్ళూ గ్రిజెల్‌కి వాళ్ళ టీ కెటిల్ కూత, రేడియో, మోరగ్ నవ్వు వినపడుతుండేవి. పిల్లలు లేరు. మోరగ్ పోయాక డాండ్ దగ్గు ఒక్కటే వినపడేది. రెండేళ్ళ కిందట డాండ్ వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడా ఇంటిని సెలవులకి వచ్చేవాళ్ళకి వారం లెక్కన అద్దెకిస్తున్నారు. గోడ అవతల చక్రాల పెట్టెలు దొర్లుతుంటాయి, ఎవరెవరో నవ్వుతుంటారు. ఆ నవ్వుల్లో ఒక్కటీ తెలిసినది కాదు.

బుధవారం సాయంత్రం గుమాస్తా రోనా టేట్ తలుపు తట్టింది. ఇప్పుడు ఊరి గుమాస్తా అంటే ముప్ఫై కూడా నిండని ఈ అమ్మాయే. గ్రంథాలయం పని, పార్కుల పని, పేర్ల పని, అన్నీ కలిపి ఒక్క మనిషి మీదే పెట్టారు.

"గ్రిజెల్ గారూ, ఉన్నారా? 'ఉన్నాం' అనే మాట శుక్రవారం దాకా చెప్పకూడదంటే చెప్పకండి, తలుపు తీస్తే చాలు!"

"లోపలికి రా. కాళ్ళు తుడుచుకో. ఆ స్వెట్టరు ఎక్కడ కొన్నావే? చంక దగ్గర పోగులు వదిలేశారు."

"మీరు చూస్తారనే కోటు తొడుక్కొచ్చా, అయినా పట్టేశారు." రోనా నవ్వి కూర్చుంది. టీ సగం తాగాక గాని అసలు మాట ఎత్తలేదు. "క్రాన్‌స్టన్‌లది ఈసారి మూడో ఏడండీ. డోలాయనకి చెప్పి ఉంచాలి."

"మనిషి బతికే ఉన్నాడు కదే."

"బతికే ఉన్నారు, కాని వాగు అవతల. ఆ ఆశ్రమం మన పొలిమేర రాయికి మూడొందల అడుగులు దాటి కట్టారు, నా ప్రాణానికి! పది నిమిషాలు కుర్చీలో తీసుకొస్తే చాలు. ఉత్తరం రాశా, జవాబు లేదు. మీరు పక్కింటివాళ్ళు, మీరడిగితే రావచ్చు."

గ్రిజెల్ కప్పు కడగడానికి లేచింది. పక్కింటివాళ్ళే. అయినా నలభై మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య వానా మంచూ తప్ప ఇంకో మాట నడవలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంక లేరు. ఉంటే ఈ పిల్ల ఆ మాట అని ఉండేది కాదు.

అప్పుడు గ్రిజెల్‌కి ఇరవై ఎనిమిది. డాండ్ అదే మిల్లులో రంగుల తొట్ల దగ్గర పనిచేసేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ నీలమో, ఎరుపో ఉండేది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ దగ్గరికి వచ్చి, నన్ను చేసుకుంటావా అని అడిగాడు. ఆమెకి అతనంటే ప్రాణం. అయినా వెంటనే ఔననలేదు. వీచ్‌లకి తను తప్ప పిల్లల్లేరు, తండ్రికి గుండె జబ్బు. తను క్రాన్‌స్టన్‌ల కోడలైతే వీచ్‌ల పేరు మీద డోలు దెబ్బ పడుతుంది. ఇంటికెళ్ళి తండ్రినడిగితే ఆయన "నీ ఇష్టం తల్లీ" అని కిటికీ వైపు తిరిగాడు. ఆయన వద్దని అని ఉంటే బహుశా ఎదిరించి ఉండేది. ఎవరూ వద్దనలేదు గనక తనకి తనే వద్దనుకుంది. "రెండు పేర్లకీ ఒక్క గొంతు పనికిరాదు డాండ్," అని మర్నాడు చెప్పింది. "అయితే పేరునే కట్టుకో," అని అతను తొట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమే తండ్రి పోయాడు. మరో రెండేళ్ళకి డాండ్ పీబుల్స్ ఊరి నుంచి మోరగ్‌ని చేసుకొచ్చాడు.

ఇంకే ఊళ్ళోనైనా ఇది వింటే నవ్విపోతారు. ఏడాదికోసారి అరిచే ఒక్క కేక కోసం ఇష్టమైన మనిషిని వదులుకుంటారా అంటారు. హారోబర్న్‌లో అప్పుడు ఎవరూ నవ్వలేదు. అదే ఆమె కర్మ.

"అడుగుతాలే," అంది గ్రిజెల్ కప్పు బోర్లిస్తూ.

గురువారం మధ్యాహ్నం ఎండుద్రాక్షల రొట్టె ఒకటి కొని వంతెన దాటింది. మిల్లు ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలిపే జాగా. ఆ చివర పెద్ద దుకాణం. తను కూర్చున్న కిటికీ సుమారుగా ఏ కారు మీద ఉండేదో గ్రిజెల్‌కి తెలుసు, అటు చూడకుండా నడిచింది. వాగు అవతల కంచెలో నాచు పట్టిన పొలిమేర రాయి దాటగానే ఏదో చేయకూడని పని చేస్తున్నట్టు అనిపించింది.

డాండ్ కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. చేతులు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ చేతులు అలా చూడడం ఆమెకి కష్టమైంది.

"ఎవరూ? గ్రిజెల్ వీచా?" అన్నాడు. "నేను పోయానని ఎవరైనా చెప్పారా?"

"పోతే వచ్చేదాన్ని కాదు. పూల ధరలు మండిపోతున్నాయి. రొట్టె చవక."

"వాగు దాటడానికి రెండేళ్ళు పట్టిందన్నమాట."

"గోడ దాటడానికి నీకు నలభై మూడేళ్ళు చాల్లేదు. నువ్వా మాట్లాడేది?"

అతను నవ్వబోతే దగ్గొచ్చింది. అదే దగ్గు. గోడ లేకుండా వినడం ఇదే మొదలు. రొట్టె కోసి ఇద్దరూ తిన్నారు. పక్క మంచం ముసలాయన చెవిటివాడని, రాత్రంతా గురక పెడతాడని, ఇక్కడ పెట్టే సూపులో నీళ్ళు తప్ప ఏమీ ఉండవని డాండ్ చెప్పాడు. గ్రిజెల్ పక్కింట్లో ఇప్పుడు ఎవరెవరు దిగుతున్నారో చెప్పింది. పోయిన వారం వచ్చినవాళ్ళు బట్టలారేసే తాడుకి తడి కుక్కని కట్టేశారంది. ఇంత మాట్లాడుకోగలిగినవాళ్ళం ఇన్నాళ్ళూ ఏం చేశామా అని ఆమెకి లోపల్లోపల ఏడుపొచ్చింది.

"రేపు శుక్రవారం డాండ్."

"తెలుసు. గోడ మీద క్యాలెండరు ఉంది."

"మూడో ఏడు. పలక్కపోతే డోలు కొడతారు. రోనా కారు తెస్తానంది. పది నిమిషాలు. 'ఇంకా ఉన్నాం' అనేసి మళ్ళీ వచ్చి నీ నీళ్ళ సూపు తాగొచ్చు."

"రాను."

"ఎందుకని? నడవక్కర్లేదు, కుర్చీలోనే..."

"కాళ్ళ గొడవ కాదు పిల్లా." అతను దుప్పటి అంచు వేళ్ళతో మడతపెడుతూ కూర్చున్నాడు. "నన్నిక్కడికి ఎవరో పంపారనుకుంటున్నావా? కోట వీధిలో ఆశ్రమంలో గది ఖాళీగా ఉందన్నారు. ఇంటికి నాలుగడుగులు. నేనే వద్దన్నా. రాయి అవతలది కావాలన్నా."

"అదేం బుద్ధి?"

"ఆ రోజు నీ గొంతు వినపడకూడదని."

గ్రిజెల్ ఒళ్ళో పడ్డ రొట్టె ముక్కలు దులుపుకుంది.

"మాది పిలిచాక మీది పిలుస్తారు," అన్నాడు డాండ్. గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే ఆమెకి తేలికయ్యేది. "నేను అరిచి ఊపిరి తీసుకునేలోపు నువ్వు అరిచేదానివి. నలభైసార్లు విన్నా. ఒక్కోసారీ నువ్వు నన్ను కొత్తగా కాదన్నట్టే. ఊరందరి ముందూ, గుర్రాల ముందూ. పక్కన మోరగ్ చెయ్యి పట్టుకుని నిలబడి విన్నా. దానికీ తెలుసు. మంచి మనిషి, ఒక్కసారీ అడగలేదు."

"మరి నువ్వెందుకు పలికావ్ అన్నేళ్ళు? మానెయ్యలేకపోయావా?"

"ఎలా మానను? పేరు కోసం నన్నొదిలావ్. ఆ పేరంటే నాకు లెక్కలేదని తిరిగితే నిన్ను పిచ్చిదాన్ని చేసినట్టు కాదూ? అందుకని పలికా. ఇంక ఓపిక లేదు. కొట్టనీ. ఒక్క దెబ్బేగా."

"ఒక్క దెబ్బేనా?" ఆమె లేచి నిలబడింది. "నీకంత తేలికైపోయిందా! అంత తేలికైన దానికోసం నేను మరి..."

"అది నన్నడక్కు," అన్నాడు డాండ్ మెల్లిగా. "అప్పుడూ నన్నడగలేదు."

అప్పుడే పనమ్మాయి టీ బండి తోసుకుంటూ వచ్చి, "ఏంటి ఆడమ్ గారూ, ఈవిడ మీ చెల్లెలా?" అంది. ఆడమ్ కాదు, ఆండ్రూ, డాండ్ అంటారు అని గ్రిజెల్ కసిరింది. ఆ పిల్ల నొచ్చుకుంది. డాండ్ కిటికీ వైపు తిరిగిపోయాడు. గ్రిజెల్ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి అతని ఒళ్ళో పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చి దీపం వెయ్యకుండా కూర్చుంది. జూన్‌లో అక్కడ పదింటి దాకా వెలుతురు పోదు, దీపం అక్కర్లేదు కూడా. గోడ అవతల ఈ వారం అద్దెవాళ్ళు గ్లాసులు కొట్టుకుంటూ నవ్వుతున్నారు. ఆమె అంతకుముందు ఎప్పుడూ ధైర్యం చేసి అడుక్కోని ప్రశ్న అడుక్కుంది. తను పోయాక వీచ్‌ల పేరుకి ఎవరు పలుకుతారు? ఎవరూ లేరు. మూడు జూన్‌లు గడిస్తే డోలు దెబ్బ. ఏడు వందల ఏళ్ళ పేరుని తను కాపాడిందేమీ లేదు, దాని చావుని ఒక్క మనిషి ఆయుష్షు మేర వెనక్కి జరిపింది. దానికిచ్చిన మూల్యం వాగు అవతల నీళ్ళ సూపు తాగుతోంది. తను తప్పు చేసిందని గ్రిజెల్‌కి మొదటిసారి అనిపించింది. అనిపించాక చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు.

శుక్రవారం పొద్దున్న ఎండ బాగా కాసింది. బజారంతా గుర్రాలు, పేడ, పిల్లలు, జెండాలు. గ్రిజెల్ నల్ల కోటు వేసుకుని ఎప్పుడూ నిలబడే చోటే, స్తంభానికి ఎడమపక్క నిలబడింది. పక్కన డాండ్ చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరో పర్యాటకుడు నిలబడబోతే మోచేత్తో జరిపింది.

రోనా మైకు సర్దుకుని ఎగువ వీధి నుంచి మొదలుపెట్టింది. "రిడెల్!" అంటే పైనుంచి ఒక ముసలి గొంతు, "ఇంకా ఉన్నాం!" అంది. "టర్న్‌బుల్!" అంటే మాంసం కొట్టు వాల్టర్ టర్న్‌బుల్, తొమ్మిదింటికే ఇంట్లో రెండు గ్లాసులు బిగించినవాడు, గుర్రాలు బెదిరేలా అరిచాడు. జనం నవ్వారు. అలా ఏడు పేర్లు అయ్యాయి.

"దిగువ ద్వారం వీధి. క్రాన్‌స్టన్!"

జవాబు లేదు. డోలాయన కర్ర అందుకున్నాడు.

"క్రాన్‌స్టన్!" అంది రోనా రెండోసారి. ఆమె కళ్ళు ఒక్క క్షణం గ్రిజెల్ మీద ఆగాయి. మీరడగలేదా అన్నట్టు ఉంది ఆ చూపు.

ఒక గుర్రం కాలితో రాళ్ళు తన్నింది. డోలు కర్ర పైకి లేచింది.

"క్రాన్‌స్టన్!"

"ఇంకా ఉన్నాం!" అంది గ్రిజెల్.

గట్టిగానే అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. డోలాయన కర్ర ఎత్తినట్టే ఆగిపోయాడు. రోనా మైకుకి చెయ్యి అడ్డంపెట్టి వంగింది.

"గ్రిజెల్ గారూ, పొరపాటు పలికారు. అది వాళ్ళ పేరు."

"తెలుసు."

"భార్య తప్ప ఇంకెవరూ..."

"నియమాలు నాకు చెప్పకే. నీ అమ్మమ్మ పుట్టకముందు నుంచి మా ఇంట్లో ఉన్నాయవి. రాసుకో."

"ఏంటే గ్రిజెల్!" అని వాల్టర్ టర్న్‌బుల్ కేకేశాడు. "పెళ్ళెప్పుడయింది? మాకు భోజనాలే పెట్టలేదే!"

బజారంతా గొల్లుమంది. చెడ్డగా నవ్వలేదు, పండగ రోజు కదా. గ్రిజెల్ మొహం కందిపోయింది. అయినా తల దించుకోలేదు. డెబ్బై ఒకటో ఏట బజారులో పెళ్ళికూతురయినట్టు సిగ్గు, దాని కిందే పట్టలేనంత దుఃఖం. రోనా ఆమె మొహం చూసి ఇంకేం అడగలేదు. కాగితం మీద రాసుకుంది. డోలాయన కర్ర దించాడు.

"వీచ్!"

గ్రిజెల్ పెదాలు బిగించింది. నలభై రెండేళ్ళ అలవాటు గొంతులోకి తన్నుకొచ్చింది. మింగేసింది.

"వీచ్!"

నవ్వులు ఆగిపోయాయి. ముసలివాళ్ళు కొందరు మెడలు చాచి చూశారు. ఫ్లాడన్‌కీ, ప్లేగుకీ, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆగని పేరు అది. ఆమె తండ్రి గుండె నొప్పితో ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని పలికిన పేరు. గ్రిజెల్‌కి ఆయన కిటికీ వైపు తిరిగిన వీపు కళ్ళకి కట్టింది. నాన్నా, క్షమించు అనుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

"వీచ్!" అంది రోనా మూడోసారి, చాలా నెమ్మదిగా. కాసేపు ఆగింది. ఆగాల్సినదానికంటే ఎక్కువే ఆగింది. తరవాత వీచ్‌ల పేరు పక్కన మొదటి గీత గీసింది.

బాకా మోగింది. గుర్రాలు కదిలాయి. జనమంతా వాటి వెనక అరుచుకుంటూ కొండ వైపు పోయారు. రెండు నిమిషాల్లో బజారులో పేడా, నలిగిన జెండాలూ మిగిలాయి. రోనా మైకు తీగ చుట్టుకుంటూ గ్రిజెల్ దగ్గరికి వచ్చింది. ఏదో పెద్ద సంగతే జరిగిందని ఆ పిల్లకి అర్థమైంది, ఏమిటో పూర్తిగా తెలీదు.

"మీ పేరుకి ఇంకా రెండేళ్ళుందండీ," అంది ఓదార్పుగా. "వచ్చే ఏడు మీ పేరుకే పలకొచ్చు. ఈసారిది నేను సర్దేస్తా."

"సర్దకు. మనిషికి ఒక్క పేరే."

రోనా తీగ చుట్టడం ఆపింది. "డాండ్ గారు విని ఉంటే బాగుండేదండీ."

గ్రిజెల్ వాగు వైపు చూసింది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది.

"వినకూడదనే కదే అక్కడికెళ్ళాడు," అంది.